డాక్టర్లకు మాట్లాడటం ఎవరు నేర్పిస్తారు? (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

పత్తికొండ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా. మధ్యలో హారన్లు వినపడితే ఏమనుకోవద్దు. బయట టమాటా బండ్లు మార్కెట్‌కు పోతున్నాయి, ఈ టైమ్‌లో మా వీధి ఇంతే.

ఈరోజు ఒక సీన్‌తో మొదలుపెడతా. ఇది మా చెల్లి చెప్పింది. మా చిన్నాయన కూతురు, రాయలసీమలోనే ఒక గవర్నమెంట్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి ఇప్పుడు హౌస్ సర్జన్ చేస్తాంది. నేను బీటెక్, అది ఎంబీబీఎస్. మా ఇంట్లో పండగకి ఎవరి ప్లేట్‌లో బొబ్బట్లు ముందు పడతాయో మీరే ఊహించుకోండి.

సీన్ ఏమంటే, అది సెకండ్ ఇయర్‌లో ఉంది. వార్డులో మొదటి పోస్టింగ్. తెల్లకోటు కొత్తది, స్టెత్ కొత్తది. బెడ్ మీద ఒక పెద్దాయన, పక్కన ఆయన భార్య. మా చెల్లి చాలా మర్యాదగా, నీట్ తెలుగులో అడిగింది: "మీరు మందు తీసుకుంటున్నారా?"

పెద్దాయన ఒకసారి భార్య వైపు చూసి, గట్టిగా, "ఛ ఛ, లేదమ్మా. ఇడిసిపెట్టి ఆరేండ్లాయె" అన్నాడంట.

మా చెల్లి రాసుకుంది: ఆరేళ్లుగా ఏ మందులూ వాడటం లేదు. తర్వాత ప్రొఫెసర్ గారు రౌండ్స్‌కి వచ్చారు. ఆయన భార్య సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, గ్యాస్ మాత్రలు. ప్రొఫెసర్ "మరి ఇవేంది పెద్దాయనా?" అంటే, "ఇవి బిళ్లలు గద సార్. ఆ పాప అడిగింది మందు గదా!"

వార్డంతా నవ్వులు. మా చెల్లి మొహం ఎర్రగా అయిపోయింది. కానీ ఆలోచించండి, అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్న సరైనదే, చెప్పిన జవాబు కూడా నిజమే. కేస్ షీట్‌లో పడింది మాత్రం తప్పు. మా సాఫ్ట్‌వేర్‌లో ఇట్లాంటిది జరిగితే ఒక బగ్ రైజ్ చేస్తాం, రెండు రోజుల్లో ఫిక్స్ చేస్తాం. ఇక్కడ ఆ తప్పు డేటాతోనే ఒక మనిషికి వైద్యం మొదలైపోతుంది.

అందుకే ఈరోజు టాపిక్ ఇది. డాక్టర్లకు మాట్లాడటం ఎవరైనా నేర్పిస్తారా? నేర్పిస్తే ఎట్లా నేర్పిస్తారు? మనకు దాంతో పనేంది?

మా అవ్వ కథ

మనకు పనేంది అంటే, నా సొంత కథ చెప్పాలి. ఏ ఊరు, ఏ ఆస్పత్రి అనేది చెప్పను, ఎందుకంటే ఇది ఒక డాక్టర్‌ని తిట్టే వీడియో కాదు.

మా అవ్వకు షుగర్. చాలా ఏళ్లుగా ఉంది. ఒకసారి చెకప్‌కి పోయినప్పుడు రిపోర్ట్ బాగా వచ్చింది. డాక్టర్ గారు రిపోర్ట్ చూసి, "నార్మల్ ఉందమ్మా. కంటిన్యూ చేయండి" అన్నారు. అంతే. నెక్స్ట్ పేషెంట్.

డాక్టర్ భాషలో దాని అర్థం ఏంది? "మాత్రలు పని చేస్తున్నాయి, అవే వాడుతూ ఉండండి" అని. మా అవ్వ భాషలో? "నార్మల్" అంటే తగ్గిపోయింది. "కంటిన్యూ" అనే మాట ఆమెకు తెలీదు. ఇంటికి వచ్చి అందరికీ చెప్పింది, "షుగర్ పోయిందంటప్పా, డాక్టరే చెప్పినాడు" అని. ఆ సంతోషంలో మాత్రలు ఆపేసింది. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. డబ్బా ఖాళీ కావడం లేదని ఎవరు చూస్తారు?

కొన్ని నెలలకు కాలి బొటనవేలికి చిన్న దెబ్బ. షుగర్ ఎక్కువ కాలం అదుపులో లేకపోతే కాళ్లలో స్పర్శ తగ్గుతుంది, గాయం అయినా నొప్పి తెలీదు, అయింది తొందరగా మానదు. ఆమెకు తెలిసేసరికి వేలు నల్లగా అయింది. చివరికి ఆ వేలు తీసేశారు.

రెండు మాటలు. "నార్మల్", "కంటిన్యూ". వాటి మధ్యలో మా అవ్వ వేలు పోయింది. ఈ కథలో నేను దాచిపెట్టిన ముక్క ఒకటుంది, అది చివర్లో చెప్తా.

ఇంతకుముందు ఎట్లా నేర్చుకునేవాళ్లు?

మన దగ్గర మెడికల్ కాలేజీలు కొత్తేం కాదు. కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో పెట్టారు. కడపలో రిమ్స్ 2006లో వచ్చింది. నంద్యాలలో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. ఇన్నేళ్లలో మన సీమ నుంచి ఎంతమంది డాక్టర్లు బయటికి వచ్చారో లెక్కేసుకోండి. వాళ్లలో ఎక్కువమందికి "పేషెంట్‌తో ఎట్లా మాట్లాడాలి" అని ప్రత్యేకంగా క్లాస్ అంటూ లేదు. ప్రొఫెసర్ వెనకాల తిరగాలి, ఆయన ఎట్లా మాట్లాడితే అట్లా నేర్చుకోవాలి. మంచి ప్రొఫెసర్ దొరికితే అదృష్టం. పేషెంట్ మీద అరిచే ప్రొఫెసర్ దొరికితే, అరవడమే నేర్చుకుంటారు.

మీకు 2004లో వచ్చిన శంకర్ దాదా ఎంబీబీఎస్ గుర్తుంది కదా. నాకు అప్పుడు ఏడేళ్లేమో. ఆ సినిమాలో హీరోకి వైద్యం రాదు, కానీ పేషెంట్‌ని మనిషిలాగా పలకరిస్తాడు. మనం థియేటర్‌లో ఈలలు వేశాం. కానీ అది చిరంజీవి గారు కాబట్టి డీన్‌తో గొడవ పెట్టుకుని గెలిచాడు. పంతొమ్మిదేళ్ల స్టూడెంట్ ఎవరితో గొడవ పెట్టుకుంటుంది? దానికి సిలబస్సే మారాలి.

మారింది కూడా. 2019లో చేరిన బ్యాచ్ నుంచి మన దేశంలో ఎంబీబీఎస్ చదువు పద్ధతి మార్చారు. అప్పుడు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉండేది, 2020లో దాని స్థానంలో నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. ఆ కొత్త సిలబస్‌లో ఏఈటీకామ్ అని ఒక భాగం పెట్టారు. ప్రవర్తన, నీతి, మాట్లాడే తీరు, ఈ మూడూ నేర్పడానికి. మొత్తం 27 మాడ్యూల్స్, మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా.

మొదటి సంవత్సరం మాడ్యూల్స్ పేర్లు వింటే నాకు ముచ్చటేసింది. ఒకటి, డాక్టర్ అంటే ఏంటి? రెండోది, పేషెంట్ అంటే ఏంటి? అంటే అనాటమీ బుక్ తెరిచే రోజుల్లోనే, "మంచం మీద పడుకున్న మనిషికి ఎట్లుంటుంది" అని ఆలోచించమంటున్నారు. ఇంకొకటి ఉంది, డిసెక్షన్ హాల్‌లో ఉండే శవమే మన మొదటి గురువు అని. మా చెల్లి ఏమందంటే, "అన్నా, మా మొదటి గురువు నోరు తెరిచి మాట్లాడడు. అయినా ఆయన ముందర ఎట్లా నిలబడాలో, ఎట్లా మర్యాదగా ఉండాలో అక్కడే నేర్పినారు." అది నాకు బాగా నచ్చింది.

18 సెకన్లు

సరే, క్లాస్‌లో ఏం నేర్పిస్తారు? నేను మా చెల్లిని కూర్చోబెట్టి పాయింట్ బై పాయింట్ అడిగా.

మొట్టమొదటిది చాలా సింపుల్. పేషెంట్ దగ్గరికి పోతే నీ పేరు చెప్పు, నేను స్టూడెంట్‌ని అని చెప్పు, మాట్లాడొచ్చా అని అడుగు. కూర్చో. నిలబడి పైనుంచి మాట్లాడొద్దు. తర్వాత ఒక ఓపెన్ ప్రశ్న వెయ్యి: "ఏం ఇబ్బందిగా ఉంది, చెప్పండి." ఆ తర్వాత అన్నిటికంటే కష్టమైన పని. నోరు మూసుకో.

నవ్వకండి, నిజంగా కష్టమే. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అని ఇద్దరు ఒక స్టడీ చేశారు. డాక్టర్, పేషెంట్ మాట్లాడుకునేది రికార్డ్ చేశారు, మొత్తం 74 విజిట్స్. పేషెంట్ తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్ సగటున ఎంతసేపటికి మధ్యలో అడ్డం వచ్చాడో తెలుసా? 18 సెకన్లు. మనం రీల్ స్కిప్ చేసే టైమ్. మొత్తం చెప్పుకోగలిగింది నూటికి 23 మందే. ఇంకో విషయం, చెప్పనిచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఒక నిమిషంలోపే ముగించారు. ఎవరూ రెండున్నర నిమిషాలు దాటలేదు. అంటే "వీళ్లను మాట్లాడనిస్తే సాయంత్రం దాకా చెప్తారు" అనే భయం ఉత్తదే.

చెప్పనిస్తే ఏం లాభం అంటారా? 1975లో బ్రిటన్‌లో ఇంకో స్టడీ జరిగింది. 80 మంది కొత్త పేషెంట్లు. అందులో 66 మందికి, పరీక్షలూ స్కాన్లూ లేకముందు, వాళ్లు చెప్పింది విని డాక్టర్లు అనుకున్న జబ్బే చివరికి నిజమైంది. 80కి 66! ఎక్కడైనా బగ్ వస్తే ఫస్ట్ యూజర్‌ని అడుగు, "సరిగ్గా ఏం చేస్తుంటే ఇట్లా అయింది?" అని. మా టీమ్ లీడ్ రోజూ ఇదే చెప్పేవాడు. డాక్టర్లకూ అదే రూల్.

తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు నేర్పిస్తారంట. "ఇది ఎందుకు వచ్చిందని మీరు అనుకుంటున్నారు?" "దేని గురించి భయపడుతున్నారు?" "నా నుంచి ఏం కావాలనుకుంటున్నారు?" మా చెల్లి వార్డులో ఒకామెను ఇది అడిగితే, కడుపునొప్పితో వచ్చిన ఆమె ఏడ్చేసిందంట. ఆమెకు నొప్పి కంటే భయం ఎక్కువ. పక్కింటామెకు ఇట్లాగే మొదలై క్యాన్సర్ అని తేలిందంట. రెండు వారాల నుంచి నిద్ర లేదు. అది అడక్కపోతే గ్యాస్ మాత్ర రాసిచ్చి పంపేవాళ్లు. గ్యాస్ మాత్ర కరెక్టే, కానీ ఆమె నిద్ర మాత్రం తిరిగి వచ్చేది కాదు.

యాక్టింగ్ చేసే పేషెంట్లు

ఇదంతా నిజమైన పేషెంట్ల మీదే ప్రాక్టీస్ చేస్తే, నేర్చుకునే లోపల ఎంతమంది నలిగిపోతారు? దానికి ఒక ఐడియా 1963లోనే వచ్చింది. హోవార్డ్ బారోస్ అని ఒక న్యూరాలజిస్ట్, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో. ఆయన మామూలు మనుషులకు ట్రైనింగ్ ఇచ్చి పేషెంట్లలాగా యాక్ట్ చేయించాడు. స్టూడెంట్ వచ్చి ప్రశ్నలు అడుగుతాడు, వీళ్లు ఆ జబ్బు ఉన్నవాళ్లలాగా జవాబులు చెప్తారు. అయిపోయాక "నువ్వు నా మొహం చూడకుండా మాట్లాడావు" అని ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు. నిజమైన పేషెంట్ ఇస్తాడా? భయపడతాడు కదా.

పరీక్షలు కూడా ఇట్లాగే. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ గారు ఒక పద్ధతి తెచ్చారు, స్టూడెంట్లు దాన్ని ఆస్కీ అంటారు. టేబుళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో టేబుల్ దగ్గర కొన్ని నిమిషాలు, ఒక పని. ఒకచోట బీపీ చూడాలి, ఒకచోట ఎక్స్‌రే చదవాలి, ఒకచోట పేషెంట్‌కి మాత్రలు ఎట్లా వేసుకోవాలో చెప్పాలి. గంట కొడితే పక్క టేబుల్‌కి. ఎగ్జామినర్ చేతిలో చెక్‌లిస్ట్ ఉంటుంది. నమస్కారం పెట్టాడా, పేరు చెప్పాడా, అర్థమైందా అని అడిగాడా, అన్నిటికీ మార్కులు.

మన కాలేజీల్లో ట్రైనింగ్ తీసుకున్న యాక్టర్లు అన్నిచోట్లా ఎక్కడుంటారు? క్లాస్‌మేట్సే యాక్ట్ చేస్తారు, కొన్నిసార్లు ప్రొఫెసర్లే చేస్తారు. మా చెల్లి క్లాస్‌లో ఒకసారి చెడు వార్త చెప్పే రోల్ ప్లే పెట్టారంట. ప్రొఫెసర్ గారు పేషెంట్, ఆయనకు క్యాన్సర్. ఇది డాక్టర్. పోయి కూర్చుని మొదటి వాక్యంలోనే చెప్పేసింది, "మీకు క్యాన్సర్ అండీ" అని. ప్రొఫెసర్ గారు ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "వచ్చే నెల నా బిడ్డ పెండ్లి ఉంది తల్లీ" అన్నారంట. మా చెల్లికి ఏం చెప్పాలో తెలీలేదు. నోట మాట రాలేదు. క్లాసంతా సైలెంట్.

అయిపోయాక ఆయన నవ్వి, "మొదట్లో అన్నీ తప్పులే చేసినావు. లాస్ట్‌లో ఏం తోచక నోరు మూసుకుని నా మొహం చూసినావు చూడు, అదొక్కటి కరెక్ట్‌గా చేసినావు" అన్నారంట.

చెడు వార్త చెప్పడానికి కూడా ఒక పద్ధతి ఉంది, స్పైక్స్ అంటారు. 2000లో బెయిల్, బక్‌మన్, ఇంకొందరు క్యాన్సర్ డాక్టర్లు కలిసి రాశారు. ఆరు మెట్లు. ఒకటి, చోటు చూసుకోవాలి. వరండాలో నిలబడి చెప్పొద్దు. రెండు, వాళ్లకు ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. మూడు, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో అడగాలి. నాలుగు, చిన్న చిన్న మాటల్లో విషయం చెప్పాలి. ఐదు, వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వాలి, కోపం వస్తే కోపాన్ని ఒప్పుకోవాలి. ఆరు, ఇప్పుడు ఏం చేద్దాం అని ముందు దారి చెప్పాలి.

ఇది చదివితే బాగుంటుంది. కానీ మన ఊర్లలో ఇంకో చిక్కు ఉంది. డాక్టర్ గది బయట కొడుకు చేయి పట్టుకుని, "సార్, మా నాయనకు చెప్పొద్దు సార్, తట్టుకోలేడు" అంటాడు. మీలో ఎంతమంది ఇట్లా అన్నారు? లోపల ఆ నాయన ఏమంటాడో తెలుసా? "నాకు తెలుసులే తల్లీ, పిల్లోళ్లకు చెప్పొద్దు, బాధపడతారు." అందరూ అందరి దగ్గరా దాస్తుంటారు, మధ్యలో ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్ నిలబడి ఉంటుంది. ఇద్దరి మాటా వినాలి. కానీ ఆ ఒళ్లు ఆ నాయనది. ఎంత తెలుసుకోవాలి అనేది ముందు ఆయన్నే అడగాలి.

తెలుగు ఎవరు నేర్పిస్తారు?

ఇప్పుడు మన అసలు సమస్యకు వద్దాం. భాష. పుస్తకాలన్నీ ఇంగ్లిష్. పిల్లలు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నీట్ కోచింగ్‌లో రెండేళ్లు హాస్టల్. వాళ్లకు మన తెలుగు, అందులోనూ సీమ పల్లె తెలుగు ఎక్కడ వస్తుంది?

ఛాతీ అంటే మా అవ్వకు తెలీదు, రొమ్ము అనాలి. "మల విసర్జన సాఫీగా జరుగుతోందా?" అని అడిగితే మా అవ్వ దండం పెడుతుంది, అదేదో మంత్రం అనుకుని. "బయటికి పోతున్నావా అవ్వా?" అంటే టక్కున చెప్తుంది. అట్లాగే "ఎగపోస్తాంది" అంటే ఆయాసం. "కండ్లు తిరుగుతాండాయి" అంటే వినేవాడికి ఒక లక్షణమే, కానీ గది గిర్రున తిరుగుతోందా, లేక కండ్లు బైర్లు కమ్ముతున్నాయా అని విడదీసి అడగాలి, ఎందుకంటే రెండిటికీ కారణాలు వేరు. "కాళ్లు గుంజుతాండాయి", "తిమ్మిరి పట్టింది", "మొద్దుబారింది" ఈ మూడూ కూడా ఒకటి కాదు. మా అవ్వ కాలికి వచ్చింది మూడోది. అది ముందే ఎవరైనా పట్టుకుని ఉంటే!

ఆడవాళ్ల విషయాలైతే ఇంకా కష్టం. "ముట్టు" అనే మాట నోటితో చెప్పరు. "బయట ఉన్నా", "దూరం ఉన్నా" అంటారు. తెల్లబట్ట అవుతోందని చెప్పడానికి ముందు పది నిమిషాలు నడుంనొప్పి గురించి చెప్తారు. అబ్బాయి స్టూడెంట్ పక్కన నిలబడితే అది కూడా చెప్పరు. ఆ నడుంనొప్పి వెనకాల ఏముందో వినడం నేర్చుకోవాలి.

కొత్త సిలబస్‌లో దీనికీ కొంచెం చోటు ఇచ్చారు. కాలేజీలో చేరగానే ఫౌండేషన్ కోర్స్ ఉంటుంది, అందులో లోకల్ భాష కూడా ఒక భాగం. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలకు అది ప్రాణం. తర్వాత ఫ్యామిలీ అడాప్షన్ అని ఇంకో ప్రోగ్రామ్ వచ్చింది. ఒక్కో స్టూడెంట్ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకున్నట్టు, మళ్లీ మళ్లీ వాళ్ల ఇంటికే పోయి ఆరోగ్యం కనుక్కోవాలి. అక్కడికి పోతేనే తెలుస్తుంది, "మూడు పూటలా తిన్నాక వేసుకోండి" అని చీటీలో రాసిస్తే, ఆ ఇంట్లో తినేదే రెండు పూటలు అని. "నెల తర్వాత రండి" అంటే, ఆ నెలలో వాళ్లు సుగ్గికి గుంటూరు పోయి మిరపకాయలు కోస్తుంటారు అని.

ఒక మాట చెప్పాలనిపిస్తాంది. మన పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో ఎర్రగుడి ఉంది కదా. బండల మీద అశోకుడి శాసనాలు. రెండు వేల రెండు వందల ఏళ్ల పైమాటే. అక్కడున్న పెద్ద శాసనాల్లో రెండోది వైద్యం గురించే. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాం, మందు మొక్కలు దొరకని చోట తెప్పించి నాటించాం అని. కానీ అది ప్రాకృతంలో ఉంది, బ్రాహ్మీ లిపిలో. ఇక్కడ గొర్రెలు కాసుకునే మనిషికి అది ఎట్లా అర్థమైంటుంది? ఎవరో ఒకరు నిలబడి, వాళ్ల మాటల్లో చెప్పి ఉండాలి. ఇప్పటి మందుల చీటీ కూడా మా అవ్వకు ఆ బండ లాంటిదే. చదివి, మన మాటలో చెప్పే మనిషి కావాలి.

మరి టైమ్ ఎక్కడుంది?

ఇప్పుడు కామెంట్లలో ఏం రాస్తారో నాకు తెలుసు. "బ్రో, క్లాస్‌లో ఎన్ని చెప్పినా ఓపీలో రెండు వందల మంది ఉంటే ఏం మాట్లాడతారు?" కరెక్టే. 2017లో 67 దేశాల లెక్కలు కలిపి ఒక స్టడీ వచ్చింది, డాక్టర్ ఒక పేషెంట్‌తో ఎంతసేపు గడుపుతాడు అని. స్వీడన్‌లో 22 నిమిషాల పైన. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశం లెక్క రెండు నిమిషాల దగ్గర ఉంది.

మా చెల్లి దాచుకోకుండా చెప్పింది. "అన్నా, మొదటి ఏడు నేర్చుకున్నది ఇంటర్న్‌షిప్‌లో మర్చిపోతాం. నైట్ డ్యూటీ, ఒకటే పరుగు. సీనియర్లు ఎట్లా మాట్లాడితే మేమూ అట్లే అయిపోతాం. ఒకరోజు ఒక అవ్వ మీద అరిచినా. ఇంటికి వచ్చి మన అవ్వ గుర్తొచ్చి ఏడ్చినా." అది చెప్తున్నప్పుడు నేను కెమెరా ఆఫ్ చేశా.

అయితే ఇప్పుడు అది ఒక్కటి మాత్రం వదలకుండా చేస్తుందంట. చివర్లో ఒకే ప్రశ్న: "నేను చెప్పింది సరిగ్గా చెప్పినానో లేదో, ఇంటికి పోయి ఈ బిళ్లలు ఎట్లా వేసుకుంటావో ఒకసారి నాకు చెప్పవ్వా." దీన్ని టీచ్ బ్యాక్ అంటారు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. తిరిగి చెప్పమంటేనే బయటపడుతుంది. నెట్‌వర్కింగ్ చదివిన వాళ్లకు తెలుసు, ప్యాకెట్ పంపితే చాలదు, అవతలి నుంచి ముట్టిందని అక్‌నాలెడ్జ్‌మెంట్ రావాలి. రాకపోతే మళ్లీ పంపాలి. ఇరవై సెకన్ల పని. మా అవ్వను ఆరోజు ఎవరైనా ఈ ప్రశ్న అడిగుంటే, "ఇంక ఏం బిళ్లలు నాయనా, పోయిందంటివి గదా" అని అక్కడే అనేసేది.

దాచిన ముక్క

సరే, ఇప్పుడు ఆ దాచిన ముక్క. ఆరోజు ఆ గదిలో డాక్టర్, అవ్వ ఇద్దరే లేరు. మూడో మనిషి ఉన్నాడు. నేనే. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఆఫీస్ కాల్ నడుస్తాంది. డాక్టర్ గారు అవ్వను అడిగారు, "ఎట్లుందమ్మా, కాళ్లు ఏమైనా?" అని. అవ్వ నోరు తెరిచేలోపు నేనే, "బానే ఉంది సార్, రిపోర్ట్ చూడండి" అన్నా. కాల్‌లో నా టర్న్ వస్తాంది కాబట్టి తొందర. "కంటిన్యూ" అనే మాట నాకు అర్థమైంది. ఇంటికి వచ్చాక ఆ ఒక్క మాట అవ్వకు తెలుగులో చెప్పలేదు. డాక్టర్ 18 సెకన్లు ఇచ్చాడేమో, నేను అవి కూడా ఇవ్వలేదు.

ఈ వీడియో చూసేవాళ్లలో ఎక్కువమంది నా వయసువాళ్లే. ఇంట్లో పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోయేది మనమే. అందుకే మీకు కొన్ని చెప్తా, రాసి పెట్టుకోండి.

పోయే ముందు రాత్రి అవ్వనో నాయననో కూర్చోబెట్టి అడగండి, "నీకు ఏమేం ఇబ్బంది?" అని. వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో నోట్ చేయండి, ముఖ్యమైనది పైన. వాడే మాత్రలన్నీ, స్ట్రిప్ మీద పేరు కనపడేలా, ఫోటో తీసి పెట్టుకోండి. నాటు మందులు వాడుతుంటే అవి కూడా, దాచొద్దు. లోపలికి పోయాక వాళ్లనే మాట్లాడనివ్వండి. మీరు చెప్పాల్సింది ఉంటే వాళ్లు అయిపోయాక చెప్పండి. డాక్టర్ చెప్పింది అర్థం కాకపోతే, "సార్, తెలుగులో ఒకసారి చెప్పండి" అనడానికి సిగ్గుపడొద్దు. బయటికి వచ్చే ముందు మీరే టీచ్ బ్యాక్ చేయండి: "సార్, ఇది పరగడుపున ఒకటి, ఇది రాత్రి తిన్నాక ఒకటి, మీరు చెప్పేదాకా ఆపకూడదు, అంతేనా?" షుగర్, బీపీ మాత్రలు రిపోర్ట్ బాగుందని మీ అంతట మీరు ఆపొద్దు. మాత్రలు వేసుకుంటున్నందుకే రిపోర్ట్ బాగుంది.

ఆ గదిలో ఒక చిన్న వయసు హౌస్ సర్జన్ తడబడుతూ ఏదైనా అడిగితే, విసుక్కోవద్దు. "ఎన్నిసార్లు చెప్పాలి, ఇందాకే ఒకరు రాసుకున్నారు" అనొద్దు. ఆ పిల్ల నేర్చుకుంటాంది. రేపు ఇంకో ఊర్లో ఇంకెవరి అవ్వతోనో మాట్లాడాల్సింది ఆ పిల్లే.

మా అవ్వ ఇప్పుడు బాగుంది. నెలనెలా చెకప్‌కి నేనే తీసుకుపోతా, ఫోన్ సైలెంట్‌లో పెట్టి. పోయినసారి డాక్టరమ్మ ఒకామె అవ్వ కాళ్లు రెండూ చేత్తో పట్టుకుని, వేళ్ల సందుల్లో చూసి, "ఇక్కడ తాకితే తెలుస్తాందా అవ్వా?" అని అడిగింది. బయటికి వచ్చాక అవ్వ బస్టాండ్ దాకా అదే మాట. "ఆ యమ్మ నా కాళ్లు పట్టుకుని అడిగిందప్పా. నన్నే అడిగింది, నిన్ను గాదు."

మీ ఇంట్లో ఇట్లాంటి కథ ఉంటే కామెంట్‌లో రాయండి, మంచిదైనా చెడ్డదైనా. ఆస్పత్రి పేరు, డాక్టర్ పేరు మాత్రం వద్దు. మీ దగ్గర ఎంబీబీఎస్ చదివే వాళ్లుంటే, వార్డులో మీకు అర్థం కాని సీమ మాటలు పంపండి. మా అవ్వను అడిగి అర్థాలతో ఒక ఎపిసోడ్ చేద్దాం. ఆమె రెడీగా ఉంది, మేకప్ కూడా అడుగుతాంది.

ఉంటా మరి. ఈరోజు ఇంటికి పోయాక మీ అవ్వ మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడండి.